టెస్టులో మూడుసార్లు ఫైర్ అవ్వాల్సిన ట్రిగ్గర్ రెండుసార్లే ఎందుకు ఫైర్ అవుతోంది?

రుషికొండ_రాత్రిషిఫ్ట్ | మంగళవారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. కోడ్ అతికించే ముందు సమస్య మాటల్లో చెప్పాలన్నది ఇక్కడి రూలు కాబట్టి మాటల్లోనే చెప్తున్నాను, కాస్త ఓపిక పట్టండి.

మాది నలుగురున్న చిన్న టీము. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలం దగ్గర కాటా మీద పెట్టిన ప్రతి గంప బరువూ మాకు ఒక మెసేజ్‌గా వస్తుంది. బోటు నంబరు కీ, అంటే లెక్క దాన్ని బట్టే విడివిడిగా పోగవుతుంది. పది నిమిషాల ఫిక్స్‌డ్ విండోలు కట్టి, ఒక్కో బోటు నుంచి ఎన్ని కిలోలు దిగాయో కూడుతున్నాం. వాడేది అపాచీ బీమ్ (ఆగకుండా వచ్చే డేటాని ప్రాసెస్ చేసే టూల్), భాష జావా.

ట్రిగ్గర్, అంటే కూడిన మొత్తాన్ని ఎప్పుడు బయటికి పంపాలో (ఫైర్ అవ్వాలో) చెప్పే నియమం, ఇలా పెట్టాం: విండో ముగియకముందే మూడేసి గంపలకి ఒక ఎర్లీ ఫైరింగ్. వాటర్‌మార్క్ (ఏ సమయం వరకు డేటా వచ్చేసిందన్న సిస్టమ్ అంచనా) విండో చివర దాటగానే ఆన్‌టైమ్. ఆ తర్వాత ఆలస్యంగా వచ్చిన ప్రతి గంపకీ ఒక లేట్ ఫైరింగ్. అలవ్డ్ లేట్‌నెస్, అంటే ఆలస్యాన్ని ఒప్పుకునే గడువు, అరగంట. అక్యుములేటింగ్ మోడ్, అంటే ప్రతి ఫైరింగ్‌లోనూ అప్పటిదాకా అయిన మొత్తం వస్తుంది.

టెస్ట్‌స్ట్రీమ్‌తో (డేటానీ సమయాన్నీ మనమే ఒక్కో అడుగుగా ఇచ్చే బీమ్ టెస్టు పరికరం) టెస్టు రాశాను. 5:00–5:10 విండోలో ఒకే బోటుకి ఆరు గంపలు: 42, 38, 40, 45, 41, 44. తర్వాత వాటర్‌మార్క్‌ని 5:10కి జరిపాను. నా లెక్కలో 120 ఎర్లీ, 250 ఎర్లీ, 250 ఆన్‌టైమ్ రావాలి. వస్తున్నవి 250 ఎర్లీ, 250 ఆన్‌టైమ్, అంతే. ఆ 120 ఎక్కడికి పోయింది? సాయంత్రం నుంచీ తల పట్టుకుని కూర్చున్నాను. రేపు మధ్యాహ్నం డెమో, టెన్షన్‌గా ఉంది.

---

గాజువాక_గురూ | మంగళవారం, రాత్రి 11:52

ఒక్క ప్రశ్న. ఆరు గంపల్నీ ఒకే యాడ్‌ఎలిమెంట్స్ కాల్‌లో ఇచ్చావా, ఆరుసార్లు విడివిడిగా ఇచ్చావా?

---

రుషికొండ_రాత్రిషిఫ్ట్ | మంగళవారం, రాత్రి 11:54

ఒకే దాంట్లో, అన్నా. కామాలు పెట్టి వరసగా ఇచ్చేశాను. తేడా ఏమైనా ఉంటుందా?

---

గాజువాక_గురూ | బుధవారం, అర్ధరాత్రి 12:20

ఉన్న తేడా అంతా అక్కడే ఉంది తమ్ముడూ.

మద్దిలపాలెంలో షేర్ ఆటో ఎక్కావు కదా. "ముగ్గురు ఎక్కితే కదుల్తాను" అంటాడు. ఒక్కొక్కరే వచ్చి ఎక్కితే మూడోవాడు కూర్చోగానే స్టార్ట్ చేస్తాడు. అదే సింహాచలం వెళ్ళే కుటుంబం ఆరుగురు ఒక్కసారే వచ్చి ఇరుక్కుని కూర్చున్నారనుకో. ముగ్గుర్ని తీసుకెళ్ళి మిగతా ముగ్గుర్నీ దింపేస్తాడా? ఆరుగురితో కదుల్తాడు. అతను చెప్పిన మాట తప్పలేదు. కనీసం ముగ్గురు అన్నాడు, ముగ్గురే అనలేదు.

బీమ్‌లో జరిగేదీ అదే. డైరెక్ట్ రన్నర్‌లో, అంటే మన మెషిన్ మీదే పైప్‌లైన్‌ని నడిపేదాంట్లో, ఒక యాడ్‌ఎలిమెంట్స్‌లో నువ్విచ్చినవన్నీ ఒకే బండిల్‌గా (ఒకే కట్టగా) వెళ్తాయి. కీల వారీగా పోగేసే గ్రూప్‌బైకీ దగ్గర ఆ బండిల్‌లో ఒక కీకి సంబంధించిన ఎలిమెంట్లన్నీ ముందు స్టేట్‌లో (దాచి ఉంచుకున్న లెక్కలో) వేసేస్తుంది. అన్నీ వేశాకే "ఇప్పుడు ఫైర్ అవ్వచ్చా?" అని ట్రిగ్గర్‌ని అడుగుతుంది. అలా అడిగేసరికి కౌంట్ 6. 3 దాటింది కాబట్టి సరే అంది. ఒక పేన్ (ఒక ఫైరింగ్‌లో బయటికొచ్చే ఫలితం), 250. కౌంట్ 3 దగ్గర ఉన్న క్షణంలో ట్రిగ్గర్‌ని ఎవరూ ఏమీ అడగలేదు, అందుకే నీ 120 పుట్టనే లేదు.

గంపకో యాడ్‌ఎలిమెంట్స్ చొప్పున ఆరుసార్లు ఇవ్వు. టెస్ట్‌స్ట్రీమ్ ఒక అడుగు వేశాక పైప్‌లైన్ మొత్తం పని ముగించి నెమ్మదించేదాకా ఆగి, అప్పుడే తర్వాతి అడుగు వేస్తుంది. కాబట్టి మూడో గంప తర్వాత 120, ఆరో గంప తర్వాత 250, వాటర్‌మార్క్ దాటాక మళ్ళీ 250 వస్తాయి. పడుకో ఇక.

---

ద్వారకానగర్_డేటా | బుధవారం, ఉదయం 8:05

నేను ఫైనల్ ఇయర్ స్టూడెంట్‌ని, తప్పుగా అడిగితే క్షమించండి. ఆరో గంపకే 250 వచ్చేసింది కదా. తర్వాత కొత్త గంప ఏదీ రాలేదు. మరి ఆన్‌టైమ్‌లో అదే 250 మళ్ళీ ఎందుకు పంపడం?

---

సముద్రపుగాలి | బుధవారం, ఉదయం 8:31

తప్పేం లేదమ్మా, ఇది మా ఆఫీసులో పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా అడుగుతారు.

బీమ్‌లో ఆన్‌టైమ్ బిహేవియర్ అని ఒక సెట్టింగ్ ఉంది. డిఫాల్ట్ ఫైర్ ఆల్వేస్. అంటే కొత్తగా ఏమీ రాకపోయినా, విండో ముగిసిందని చెప్పడానికి ఆన్‌టైమ్ పేన్ ఒకటి కచ్చితంగా వస్తుంది. కింద ఉన్నవాళ్ళకి "ఇక మామూలుగా రావాల్సినవి వచ్చేశాయి" అని తెలియాలి కదా. అక్కర్లేకపోతే ఫైర్ ఇఫ్ నాన్‌ఎంప్టీ అని మార్చుకోవచ్చు.

ఇదే టెస్టు డిస్కార్డింగ్ మోడ్‌లో (ప్రతిసారీ కొత్తగా వచ్చినవే కూడి పంపేది) రాస్తే ఇంకా వింతగా కనిపిస్తుంది. 120, 130, ఆ తర్వాత ఆన్‌టైమ్‌లో సున్నా. ఆ సున్నాని చూసి డేటా పోయిందని ఒకతను నాకు రాత్రి పూట ఫోన్ చేశాడు. డేటా పోలేదు, అది ఖాళీ పేన్.

ఇంకో మాట. ఒక్క గంప కూడా రాని బోటుకి ఇవేవీ రావు. పేన్ కీని బట్టి పుడుతుంది, ఆ కీ ఒక్కసారైనా కనిపించాలి. "ఈరోజు సున్నా కిలోలు" అనే రిపోర్టు కావాలంటే ట్రిగ్గర్ వల్ల కాదు, అది వేరేగా కట్టుకోవాలి.

---

రుషికొండ_రాత్రిషిఫ్ట్ | బుధవారం, ఉదయం 10:15

గురూ అన్నా, విడగొట్టాను, మూడు పేన్‌లు వచ్చాయి! థాంక్స్.

కానీ ఆనందం పది నిమిషాలే. రెండో టెస్టులో ఒక బోటుకి రెండు గంపలు, ఇంకో బోటుకి ఒకటి, అన్నీ విడివిడిగానే ఇచ్చాను. మొత్తం మూడు. ఎర్లీ పేన్ అసలు రాలేదు.

---

గాజువాక_గురూ | బుధవారం, ఉదయం 10:22

రెండు ఆటోలు, తమ్ముడూ. ఒకదాంట్లో ఇద్దరు, ఇంకోదాంట్లో ఒకడు. ఏదీ కదలదు.

ట్రిగ్గర్ లెక్క ప్రతి కీకీ, ప్రతి విండోకీ వేరే. ఒకే బోటు అయినా 5:09కి రెండు గంపలు, 5:11కి ఒకటి వస్తే అవి వేరే విండోలు, అక్కడా ఫైర్ అవ్వదు.

---

రుషికొండ_రాత్రిషిఫ్ట్ | బుధవారం, సాయంత్రం 6:48

డెమో గడిచిపోయింది. కానీ మా లీడ్ గారికి గంపల లెక్క నచ్చలేదు. చిన్న బోటుకి మూడు గంపలు నిండేదాకా స్క్రీన్ మీద ఏమీ కనిపించదు కదా. "మొదటి గంప వచ్చాక రెండు నిమిషాలకి చూపించు" అన్నారు. సరే అని ఆఫ్టర్ ప్రాసెసింగ్‌టైమ్ (గంప మీది టైమ్ కాదు, ప్రాసెస్ చేసే మెషిన్ గడియారం చూసేది), మొదటి ఎలిమెంట్ తర్వాత రెండు నిమిషాలు అని మార్చాను. టెస్టులో గంపలు ఇచ్చాక థ్రెడ్ స్లీప్ రెండు నిమిషాలు పెట్టాను. టీ తాగి వచ్చాను. ఫైర్ అవ్వలేదు. మూడు నిమిషాలు పెట్టినా లేదు.

---

సముద్రపుగాలి | బుధవారం, సాయంత్రం 7:02

టీ బాగుందా?

టెస్ట్‌స్ట్రీమ్ ఉన్న పైప్‌లైన్‌లో డైరెక్ట్ రన్నర్ గోడ గడియారం చూడదు. దాని చేతిలో ఉత్తుత్తి గడియారం ఒకటి ఉంటుంది. నువ్వు అడ్వాన్స్‌ప్రాసెసింగ్‌టైమ్ అంటేనే అది కదుల్తుంది, నువ్వు రాత్రంతా నిద్రపోయినా కదలదు. పైగా ఆ స్ట్రీమ్‌ని కట్టేటప్పుడు నువ్వు పెట్టిన స్లీప్ పైప్‌లైన్ మొదలవ్వకముందే అయిపోతుంది. స్లీప్ తీసేసి, ప్రాసెసింగ్ టైమ్‌ని మూడు నిమిషాలు జరుపు. కచ్చితంగా రెండు నిమిషాలే జరిపి అంచు మీద నిలబడకు, కాస్త దాటించు. టెస్టు సెకన్లలో అయిపోతుంది.

రెండు గడియారాలనీ మనసులో విడిగా పెట్టుకో. వాటర్‌మార్క్ జరిపితే ప్రాసెసింగ్ టైమ్ కదలదు, ప్రాసెసింగ్ టైమ్ జరిపితే వాటర్‌మార్క్ కదలదు. ప్రొడక్షన్‌లో రెండూ కలిసి నడుస్తున్నట్టు కనిపిస్తాయి కాబట్టి మనం ఒకటే అనుకుంటాం. ఆ రెంటినీ విడదీసి ఒక్కోదాన్ని విడిగా కదపడానికే ఈ టూల్ పుట్టింది.

---

పాత_ఫ్లింకోడు | బుధవారం, రాత్రి 9:10

ఫ్లింక్‌లో (ఇదీ స్ట్రీమింగ్ టూలే) ఉన్నవాళ్ళు ఎవరైనా చదువుతుంటే రెండు హెచ్చరికలు.

మొదటిది. ఫ్లింక్‌లో విండోకి కౌంట్ ట్రిగ్గర్ ఇస్తే అది డిఫాల్ట్‌కి తోడుగా రాదు, డిఫాల్ట్ స్థానంలో కూర్చుంటుంది. అంటే విండో చివర ఫైర్ అవ్వడం అనేది పోతుంది. ఐదుకి ఒకసారి అని పెట్టి, ఏడు ఎలిమెంట్లు పంపితే చివరి రెండూ ఎప్పటికీ బయటికి రావు. నా మొదటి ఉద్యోగంలో నెల రోజులు ఇలాగే నడిచింది. టెస్టులో మేం ఎప్పుడూ పది ఎలిమెంట్లే ఇచ్చేవాళ్ళం, ఐదుతో చక్కగా భాగించబడేది. అప్పట్నుంచీ టెస్టు డేటాలో నేను గుండ్రటి సంఖ్యలు వాడను. ఏడు, పదకొండు, పదమూడు.

రెండోది అంచు. 5:10కి ముగిసే విండోలో చివరి క్షణం 5:09:59.999. ఫ్లింక్‌లో వాటర్‌మార్క్ సరిగ్గా ఆ మిల్లీసెకను దగ్గరికి వస్తే చాలు, ఫైర్ అవుతుంది. బీమ్‌లో దాన్ని దాటాలి, అంటే 5:10:00.000 కావాలి. ఫ్లింక్ వాటర్‌మార్క్ "ఇంతవరకు, ఇది కూడా కలిపి, వచ్చేసింది" అంటుంది. బీమ్‌ది "దీనికంటే ముందువన్నీ వచ్చేశాయి" అంటుంది. అక్కడి టెస్టుని ఇక్కడికి కాపీ కొడితే ఒక్క మిల్లీసెకనుకి పూట పోతుంది.

స్పార్క్ స్ట్రక్చర్డ్ స్ట్రీమింగ్ గురించి అడగబోయేవాళ్ళకి: అక్కడ ట్రిగ్గర్ అన్న మాటకి అర్థమే వేరు. ఎంతసేపటికి ఒకసారి మైక్రోబ్యాచ్ (అప్పటిదాకా చేరిన చిన్న గుంపు డేటా) నడపాలి అన్నది. పేరు చూసి మోసపోవద్దు.

---

రుషికొండ_రాత్రిషిఫ్ట్ | గురువారం, ఉదయం 9:30

ప్రాసెసింగ్ టైమ్ పని చేసింది. ఇప్పుడు లేట్ డేటా టెస్టు రాస్తున్నాను. వాటర్‌మార్క్‌ని 5:07కి జరిపి, 5:03 నాటి గంప ఇచ్చాను. వాటర్‌మార్క్ కంటే వెనక ఉంది కదా, లేట్ పేన్ వస్తుందనుకున్నాను. ఆన్‌టైమ్‌లోనే కలిసిపోయింది. ఇంకోటి, ఒక టెస్టులో టైమ్‌స్టాంప్ ఇవ్వడం మర్చిపోయాను. ఆ గంప ఏ విండోలోనూ కనబడట్లేదు!

---

గాజువాక_గురూ | గురువారం, ఉదయం 9:58

మొదటిది: 5:03 గంప లేటుగా వచ్చిన మాట నిజమే, కానీ దాని విండో ఇంకా మూసుకోలేదు. పెళ్ళికి ముహూర్తం 5:10. నువ్వు 5:03కి వస్తానని 5:07కి వచ్చావు. తాళి ఇంకా కట్టలేదుగా, ఎవరూ ఏమీ అనరు. 5:10 దాటాక వస్తే లేట్ పేన్. 5:40 దాటాక వస్తే భోజనాలు కూడా అయిపోయాయి, షామియానా విప్పేశారు, నిన్ను లోపలికి రానివ్వరు. పారేస్తుంది. పారేసినవి డ్రాప్డ్ డ్యూ టు లేట్‌నెస్ అనే కౌంటర్‌లో పడతాయి, ప్రొడక్షన్‌లో దానిమీద ఒక కన్నేసి ఉంచు.

కాబట్టి లేట్ టెస్టుకి ఈ మూడు చోట్లా ఒక్కో గంప కావాలి: 5:10కి ముందు, 5:10 నుంచి 5:40 మధ్య, 5:40 తర్వాత. మూడోది రాకూడదని చెక్ చెయ్యడం చాలామంది మర్చిపోతారు.

రెండోది: టైమ్‌స్టాంప్ ఇవ్వకపోతే ఆ క్షణానికి వాటర్‌మార్క్ ఎక్కడుందో అదే దాని టైమ్. ఇంకా వాటర్‌మార్క్ జరపలేదంటే అది బీమ్‌కి తెలిసిన అతి చిన్న సమయం దగ్గర ఉంటుంది. లెక్కేస్తే క్రీస్తుపూర్వం 2,90,000 ప్రాంతం. నీ గంప భద్రంగానే ఉంది, పాత రాతియుగంలో తూచబడింది, అంతే.

---

ద్వారకానగర్_డేటా | గురువారం, ఉదయం 10:10

😂 అప్పటికి బంగాళాఖాతంలో మరబోట్లు లేవు కదా సార్.

---

సముద్రపుగాలి | గురువారం, మధ్యాహ్నం 1:25

నవ్వులు అయ్యాక ఒక ముఖ్యమైన సంగతి. ఇన్‌ఫైనల్‌పేన్ అనే అసర్షన్ (చివరి పేన్‌లో ఏముందో సరిచూసేది) వాడేటప్పుడు జాగ్రత్త. మీ సెటప్‌లో లేట్ గంప రాగానే పేన్ వెళ్ళిపోతుంది. ఆ తర్వాత 5:40 దాటి విండో మూసేటప్పుడు కొత్తగా ఏమీ ఉండదు. క్లోజింగ్ బిహేవియర్ డిఫాల్ట్ ఏమో ఖాళీ కాకపోతేనే ఫైర్. అందుకని "ఇదే చివరిది" అన్న ముద్ర ఉన్న పేన్ అసలు రాదు. ఇన్‌ఫైనల్‌పేన్ ఖాళీ చూపిస్తుంది, టెస్టు ఎర్రగా మారుతుంది, మీరు ట్రిగ్గర్‌ని తిడతారు. అక్కడ ఇన్‌లేట్‌పేన్ వాడండి, లేదా క్లోజింగ్‌ని ఫైర్ ఆల్వేస్ చేసుకోండి.

---

కంచరపాలెం_కాఫ్కా | గురువారం, రాత్రి 10:40

బోట్ల సంగతి వచ్చింది కాబట్టి నా గాయం కూడా చూపిస్తాను.

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక చిన్న కంపెనీలో మరబోట్ల ఐస్ పెట్టెల ఉష్ణోగ్రత చూసేవాళ్ళం. వాడింది కాఫ్కా స్ట్రీమ్స్, అదీ స్ట్రీమింగ్ టూలే. గంటకో విండో. విండో మూసుకున్నాకే ఫలితం ఒక్కసారి పంపమని సప్రెస్ పెట్టాం. మధ్యమధ్య లెక్కలు ఎవరికీ అక్కర్లేదు, చివరి మాట చాలు అనుకున్నాం. నెలల తరబడి గడియారంలా నడిచింది.

ఏప్రిల్ 15 వచ్చింది. మన తూర్పు తీరంలో ఆ రోజు నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ జెట్టీకి కట్టేశారు, పరికరాలు ఆపేశారు. చివరి ట్రిప్ రిపోర్టులు రాలేదు. రేపొస్తాయి, ఎల్లుండొస్తాయి అనుకున్నాం. లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. అన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి. జూన్ 15న మొదటి బోటు కదిలింది. దానితో పాటు ఏప్రిల్ నెల రిపోర్టులు టకటకా వచ్చి పడ్డాయి. బోటు ఓనరు ఒకాయన ఫోన్ చేసి "ఏటి బాబూ, రెండు నెల్ల కిందటి ఐసు ఇప్పుడు కరిగిందా?" అన్నాడు.

ఎందుకంటే కాఫ్కా స్ట్రీమ్స్‌లో స్ట్రీమ్ టైమ్ (రికార్డుల మీది టైమ్‌ని బట్టి నడిచే గడియారం) కొత్త రికార్డు వస్తేనే ముందుకి పోతుంది. గోడ గడియారం ఎంత తిరిగినా సప్రెస్ పట్టించుకోదు. మా టెస్టులు దీన్ని ఎందుకు పట్టుకోలేదు? టోపాలజీ టెస్ట్ డ్రైవర్‌లో (కాఫ్కా స్ట్రీమ్స్ టెస్టు పరికరం) ప్రతి టెస్టు చివరా అలవాటుగా ఒక ఉత్తుత్తి రికార్డు, రెండు గంటల తర్వాతి టైమ్‌తో పంపేవాళ్ళం, విండో మూసుకోవడానికి. అంటే "తర్వాత ఎప్పుడూ ఎవరో ఒకరు వస్తారు" అన్న నమ్మకాన్ని మేమే టెస్టులో రాసుకున్నాం. సముద్రం ఆ మాట ఇవ్వలేదు.

తర్వాత ఒడ్డు మీద పెట్టిన ఒక యంత్రం నుంచి ప్రతి పార్టిషన్‌కీ (డేటా విడిపోయి వచ్చే ఒక్కో పాయకీ) హార్ట్‌బీట్ రికార్డులు, అంటే టైమ్ కదలడానికి ఉత్తుత్తి రికార్డులు, పంపడం మొదలుపెట్టాం. ఒక పార్టిషన్‌కే పంపితే చాలదు, అది కూడా దెబ్బ తిన్నాకే తెలిసింది.

---

పాత_ఫ్లింకోడు | గురువారం, రాత్రి 10:58

ఫ్లింక్‌లోనూ ఇదే రోగం వేరే రూపంలో ఉంది. నాలుగు పార్టిషన్లలో ఒకటి మూగబోతే మొత్తం వాటర్‌మార్క్ అక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే అన్నిటిలోకీ వెనకబడ్డదే లెక్క. విత్ ఐడిల్‌నెస్ అనేది అందుకే. కానీ అది మూగబోయిన పార్టిషన్‌ని పక్కన పెడుతుంది, అంతే. నాలుగూ మూగబోతే మాత్రం నీ హార్ట్‌బీటే దిక్కు.

---

గాజువాక_గురూ | శుక్రవారం, ఉదయం 7:15

కాఫ్కా గారి కథ వల్ల గుర్తొచ్చింది. రాత్రిషిఫ్ట్ తమ్ముడూ, మీ టెస్ట్‌స్ట్రీమ్ చివర అడ్వాన్స్‌వాటర్‌మార్క్‌టుఇన్ఫినిటీ (వాటర్‌మార్క్‌ని కాలం చివరికంటా తోసేసేది) ఉంటుంది కదా. అది కూడా అదే రకం నమ్మకం. జావాలో అది లేకుండా స్ట్రీమ్ కట్టడమే కుదరదు, కాబట్టి ప్రతి విండో చివరికి మూసుకుని తీరుతుంది. నీ ఆన్‌టైమ్ పేన్ నువ్వు 5:10కి జరిపినందుకు వచ్చిందా, ఇన్ఫినిటీ వల్ల వచ్చిందా అన్నది అసర్షన్ చూసి చెప్పలేవు. 5:10 లైను తీసేసి ఒకసారి నడిపి చూడు. అప్పుడూ పచ్చగానే ఉంటే ఆ టెస్టు నువ్వనుకున్నది పరీక్షించట్లేదు. 5:10 తర్వాత లేట్ గంప ఒకటి పెడితే తేడా బయటపడుతుంది.

---

రుషికొండ_రాత్రిషిఫ్ట్ | శుక్రవారం, ఉదయం 11:05

చూశాను. రెండు టెస్టులు ఆ లైను లేకుండా కూడా పచ్చగానే ఉన్నాయి 😐

మా లీడ్ గారు ఇంకోటి అడిగారు. పది నిమిషాల విండోతో పాటు గంట విండో కూడా కావాలట, 5 నుంచి 6 వరకు. పెట్టాను. టెస్టు బాగుంది. నిజం డేటా పెడితే గంటలు అడ్డదిడ్డంగా విరుగుతున్నాయి.

---

సముద్రపుగాలి | శుక్రవారం, ఉదయం 11:20

టెస్టులో టైమ్‌లు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) రాశారు, అవునా?

ఫిక్స్‌డ్ విండోలు యూటీసీ లెక్కన మొదలవుతాయి. మన టైమ్ ఐదున్నర గంటలు ముందు. పది నిమిషాల విండోకి ఆ ముప్పై నిమిషాలు సమంగా సరిపోతాయి, తేడా తెలియదు. గంట విండోకి తెలుస్తుంది: 4:30–5:30, 5:30–6:30 అని విరుగుతుంది. విత్ ఆఫ్‌సెట్ (విండో మొదలయ్యే చోటుని జరిపే సెట్టింగ్) ముప్పై నిమిషాలు ఇవ్వండి. రేపు రోజు విండో అడుగుతారు, చూడండి. అది ఉదయం 5:30కి మొదలవుతుంది, సరిగ్గా మీ వేలం మధ్యలో! దానికి ఆఫ్‌సెట్ పద్దెనిమిదిన్నర గంటలు.

టెస్టులో కనీసం ఒక గంపకైనా మన టైమ్ జోన్‌లో టైమ్ రాసి పెట్టుకోండి.

---

పాత_ఫ్లింకోడు | శుక్రవారం, మధ్యాహ్నం 2:40

ఒక వివాదం పెడతాను. అసలు ఎన్ని పేన్‌లు వచ్చాయో టెస్టు చెయ్యడమే తప్పంటాను. బండిల్ సైజు రన్నర్ ఇష్టం. ప్రొడక్షన్‌లో ఒకటొకటిగా రావచ్చు, నలభై కలిసి రావచ్చు. రేపు రన్నర్ మారితే ఈ థ్రెడ్‌లో నేర్చుకున్న మూడు పేన్‌ల లెక్క చెత్తబుట్టలోకి. చివరి అక్యుములేటెడ్ విలువ సరిగ్గా ఉందా? డిస్కార్డింగ్ అయితే అన్ని పేన్‌లూ కలిపితే మొత్తం వస్తుందా? అంతే చూడాలి.

---

కంచరపాలెం_కాఫ్కా | శుక్రవారం, మధ్యాహ్నం 3:15

ఒప్పుకోను. ప్రతి ఎర్లీ పేన్‌కీ బోటు ఓనరుకి ఒక ఎస్సెమ్మెస్ వెళ్తే? ఎస్సెమ్మెస్‌కి డబ్బులవుతాయి. అప్పుడు ఎన్ని పేన్‌లన్నదే అసలు ప్రశ్న.

---

గాజువాక_గురూ | శుక్రవారం, మధ్యాహ్నం 3:40

ఇద్దరూ సగం సగం నిజం చెప్తున్నారు. ట్రిగ్గర్ ఇచ్చేది అనుమతి, ఆజ్ఞ కాదు. "మూడు గంపలయ్యాక పంపుకోవచ్చు" అంటుంది, "సరిగ్గా మూడుకి పంపి తీరాలి" అనదు. ఎస్సెమ్మెస్ లాంటి లెక్క కచ్చితంగా కావాల్సినప్పుడు దాన్ని ట్రిగ్గర్ మీద వదిలెయ్యకూడదు. స్టేట్, టైమర్లు ఉన్న డూఫంక్షన్ (ఒక్కో ఎలిమెంట్ మీద నడిచే మన సొంత ఫంక్షన్) రాసుకోవాలి, "ఈ బోటుకి ఇంతకుముందు పంపామా" అని మన చేత్తో చూసుకోవాలి. అప్పుడు దానికి టెస్టులో కచ్చితమైన సంఖ్య పెట్టుకో, అది నీ సొంత కోడ్.

నేనైతే ఒకే డేటాతో రెండు టెస్టులు రాస్తాను. ఒకటి అన్నీ విడివిడిగా, ఒకటి అన్నీ కలిపి ఒకే బండిల్‌గా. రెండింటికీ చివరి జవాబు ఒకటే రావాలి. రాకపోతే కింద ఎవరో పేన్‌ల సంఖ్య మీద ఆధారపడ్డారని అర్థం.

---

పాత_ఫ్లింకోడు | శుక్రవారం, మధ్యాహ్నం 3:52

ఆ రెండు టెస్టుల పద్ధతికి ఒప్పుకుంటాను. మిగతాదానికి ఇంకా ఒప్పుకోలేదు.

---

రుషికొండ_రాత్రిషిఫ్ట్ | ఆదివారం, మధ్యాహ్నం 12:30

గురూ అన్న చెప్పినట్టు, పాత మూడు గంపల ట్రిగ్గర్‌తోనే, రెండు టెస్టులు రాశాను. 30 కిలోల లేట్ గంప ఒకటి చేర్చాను, కాబట్టి రావాల్సింది 280. విడివిడి దాంట్లో 900 వచ్చింది. కలిపిన దాంట్లో 780.

గంటసేపు చూశాక అర్థమైంది. పేన్‌లు సరిగ్గానే వస్తున్నాయి: 120, 250, 250, 280. తప్పు కింద ఉంది. డేటాబేస్‌లో రాసే మా స్టెప్పు వచ్చిన ప్రతి పేన్‌నీ పాత వరసకి కూడుతోంది! అక్యుములేటింగ్ మోడ్‌లో ఆ వరసని తిరగరాయాలి, కూడకూడదు. ట్రిగ్గర్ గురించి ఐదు రోజులు కొట్టుకుంటే బయటపడింది ఇది. బోటు మొత్తాలు ఎక్కువ చూపిస్తున్నాయని ఒక వ్యాపారి రెండు వారాల కిందటే అన్నాడు, మేం కాటా మీద అనుమానపడ్డాం.

అందుకే ఈ తెల్లవారుజామున స్వయంగా హార్బర్‌కి వెళ్ళి కాటా పక్కన నిలబడ్డాను. తూచే అతను ప్రతి గంపకీ బటన్ నొక్కట్లేదు. చేతులు తడి, వేలం పాట గోల, జనం తోసుకుంటున్నారు. నాలుగైదు గంపలు తూచాక చెయ్యి లుంగీకి తుడుచుకుని, ఒక్కసారి పంపు అని నొక్కుతున్నాడు. నేను టెస్టులో కష్టపడి విడగొట్టిన గంపలు అక్కడ ఎప్పుడూ ఒక గుంపుగానే వస్తున్నాయి.

---

సముద్రపుగాలి | ఆదివారం, మధ్యాహ్నం 12:41

ఆ నాలుగైదు గంపలకీ టైమ్‌స్టాంప్ ఎప్పటిది పడుతోంది? తూచినప్పటిదా, నొక్కినప్పటిదా?

---

రుషికొండ_రాత్రిషిఫ్ట్ | ఆదివారం, మధ్యాహ్నం 12:44

…

రేపు మళ్ళీ వెళ్తాను.

---

గాజువాక_గురూ | ఆదివారం, మధ్యాహ్నం 12:50

వెళ్తే వంజరం రేటు కూడా కనుక్కో తమ్ముడూ.